మరమ్మతుకు లొంగే ఫోన్ ఏదో కొనేముందే తెలిసేదెలా?

ప్రశ్న: చల్లపల్లి టీచర్

మా అమ్మ వాడే ఫోన్ కొని రెండేళ్లు దాటింది. సంక్రాంతి వెళ్లిన వారానికి దానికి ఛార్జింగ్ ఎక్కడం కష్టమైపోయింది. పిన్నును ఒక పక్కకు ఒత్తి పట్టుకుంటే ఎక్కేది, చెయ్యి తీస్తే ఆగిపోయేది. గ్యాస్ బండకు వచ్చే ఓటీపీ మొదలుకొని మనవల ఫొటోల దాకా అమ్మకు కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి కనుక, ఒకరోజు సెలవు పెట్టి విజయవాడలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లాను. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్న తర్వాత, కౌంటర్‌లోని అబ్బాయి ఫోన్‌ను లోపలికి తీసుకువెళ్లి తెచ్చి, మదర్‌బోర్డు మార్చాలనీ, 9,400 రూపాయలు అవుతుందనీ, లోపలి సమాచారమంతా పోతుందనీ, అందుకు ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం చేయాలనీ చెప్పాడు. ఆ ఫోన్ కొన్నదే 14,500 రూపాయలకు. సంతకం పెట్టకుండా తిరిగి వచ్చేశాను.

మర్నాడు మా ఊరి బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న కొట్లో చూపించాను. ఆయన వెనక మూత తీసి, అడుగున వేలెడంత ఉన్న ఒక చిన్న బోర్డును చూపించి, ఛార్జింగ్ పిన్ను దిగేది దీని మీదేననీ, మదర్‌బోర్డుకు ఏమీ కాలేదనీ అన్నారు. ఆ ముక్క తన దగ్గర లేకపోతే మచిలీపట్నం నుంచి తెప్పించి, సాయంత్రానికి మార్చి, 650 రూపాయలు తీసుకున్నారు. ఒక్క ఫొటో కూడా పోలేదు. నాలుగు నెలలైంది, ఫోన్ చక్కగా పనిచేస్తోంది.

ఇప్పుడు నాకోసం ఒక ఫోన్ కొనవలసి వచ్చింది. పెట్టెల మీద కెమెరా మెగాపిక్సెళ్లున్నాయి, బ్యాటరీ సామర్థ్యం ఉంది, ఎంత త్వరగా ఛార్జింగ్ ఎక్కుతుందో పెద్ద అక్షరాలతో ఉంది. పాడైతే బాగుపడుతుందా, విడిభాగం దొరుకుతుందా, దొరికితే ఎంతకు అన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. ఫ్రాన్స్‌లో దీనికి పదికి ఇన్ని అని మార్కులు వేశారనీ, మన దేశంలోనూ అలాంటి సూచీ తేవడానికి ప్రయత్నం జరుగుతోందనీ పత్రికల్లో చదివాను. నేను జవాబు పత్రాలు దిద్దేదాన్ని. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో నిర్ణయించినప్పుడే ఎవరు గట్టెక్కుతారన్నది సగం తేలిపోతుందని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను: ఫోన్ మరమ్మతు యోగ్యతకు మార్కులు వేయాలంటే దేనికి ఎక్కువ వేయాలి, దేనికి తక్కువ వేయాలి, అసలు ఆ మార్కులు వేయవలసింది ఎవరు?

జవాబు 1: రిపేరు బల్ల, హైదరాబాద్

టీచర్ గారూ, నేను అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పదహారేళ్లుగా సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాను. బల్ల దగ్గర కూర్చునేవాడికి ఏది అడ్డం వస్తుందో అది చెబుతాను. మార్కులు ఎక్కడ పడాలో అందులోంచే తెలుస్తుంది.

ఫోన్ చేతికి రాగానే నేను ముందు లెక్కవేసుకునేది, పాడైన భాగం దగ్గరికి చేరేలోపు బాగున్న భాగాలు ఎన్నింటిని ఊడదీయాలి అన్నది. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ వచ్చిందనుకోండి. వెనక అద్దాన్ని జిగురుతో అతికించి ఉంటారు కాబట్టి వేడి పలక మీద పెట్టి, జిగురు మెత్తబడ్డాక, పల్చటి ప్లాస్టిక్ కార్డును అంచు వెంట నెమ్మదిగా జరుపుతూ రావాలి. ఒక మూల తొందరపడితే అద్దం చిట్లుతుంది, ఆ ఖర్చు నాది. మూత వచ్చాక పైన కవచాలు, వాటి స్క్రూలు, బ్యాటరీ మీదుగా పోయే స్ట్రిప్పులు ఒక్కొక్కటీ తీయాలి. అప్పుడు బ్యాటరీ కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో దాని కింద లాగుడు పట్టీ ఉంటుంది, పట్టుకుని సాగదీస్తే బ్యాటరీ దానంతట అదే పైకి వస్తుంది. కొన్నింట్లో పట్టీ ఉండదు, జిగురే ఉంటుంది. ఉబ్బిన బ్యాటరీ కిందికి పనిముట్టు దూర్చి ఎత్తడమంటే నిప్పుతో చెలగాటం. స్పిరిట్ చుక్కలు వేసి, అయిదు నిమిషాలు ఆగి, మళ్లీ వేసి, ఊపిరి బిగబట్టి తీస్తాం. రెండు ఫోన్లలోనూ చేసే పని బ్యాటరీ మార్చడమే, కానీ మొదటిదానికి ఇరవై నిమిషాలు, రెండోదానికి గంటంబావు పడుతుంది. సూచీలు రాసేవారు విడదీసే లోతు అంటున్నది దీన్నే. దానికి మంచి మార్కులే ఉండాలి.

స్క్రూల గురించి ఎక్కువ గొడవ జరుగుతుంది గానీ, నా దృష్టిలో అది చిన్న విషయం. ఐఫోన్ అడుగున ఉండే అయిదు రేకుల స్క్రూకు డ్రైవరు ఒకప్పుడు దొరికేది కాదు, ఇప్పుడు మా వీధిలో ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. పనిముట్లకూ స్క్రూలకూ కలిపి పదికి ఒక మార్కు చాలు.

అసలు తాళం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. 2021లో ఐఫోన్ 13 వచ్చినప్పుడు తెర మారిస్తే, ముఖం చూసి తాళం తీసే ఫేస్ ఐడీ పనిచేయడం ఆగిపోయేది. కొత్త తెర నకిలీది కాకపోయినా, అదే రకం మరో ఐఫోన్ నుంచి తీసిన అసలు తెర అయినా అంతే. పాత తెర వెనక ఉన్న బియ్యపు నూకంత చిప్పును మైక్రోస్కోపు కింద ఊడదీసి కొత్త తెర మీద అతికిస్తే తప్ప ఫోన్ దాన్ని తనదిగా గుర్తించేది కాదు. ఆ పని చేయగలిగినవాళ్లు మా మార్కెట్‌లోనే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ప్రపంచమంతా అభ్యంతరం చెప్పాక ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15.2తో కంపెనీ ఆ ఇబ్బందిని తొలగించింది. అయితే భాగాన్ని ఫోన్‌తో జతకట్టే పద్ధతి మొత్తంగా పోలేదు. బ్యాటరీ మార్చినా, కెమెరా మార్చినా తెలియని భాగమంటూ హెచ్చరిక కనిపించే ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మేం చేసిన పనిలో లోపం లేకపోయినా, ఆ హెచ్చరిక చూసిన కస్టమరు మోసపోయాననే అనుకుంటాడు. మాకు అంతకంటే పెద్ద దెబ్బ లేదు.

మార్కులు వేసేవారు కూడా ఈ విషయంలో దెబ్బతిని నేర్చుకున్నారు. ఫోన్లు విప్పి చూసి పదికి మార్కులిచ్చే ఐఫిక్సిట్ సంస్థ ఐఫోన్ 14కు మొదట 7 ఇచ్చింది. వెనక అద్దం విడిగా ఊడివచ్చేలా లోపలి అమరిక మార్చారు కనుక అది న్యాయమే అనిపించింది. ఏడాది తిరిగేసరికి, 2023 సెప్టెంబరులో, ఆ 7ను 4కు దించింది. ఫోన్ మారలేదు, స్క్రూలు మారలేదు. విప్పడం ఎంత సులువో చూసి వేసిన మార్కులవి, కొత్త భాగాన్ని ఫోన్ ఒప్పుకుంటుందో లేదో కూడా చూస్తే మిగిలినవి నాలుగే. మీ ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక ధర. తెర పగిలిందని వచ్చినవారికి నేను కాంబో, అంటే డిస్‌ప్లే, టచ్ అద్దం కలిసి వచ్చే భాగం ధర చెబుతాను. అది ఫోన్ ధరలో మూడో వంతు దాటిందంటే పదిమందిలో ఏడెనిమిది మంది ఫోన్‌ను జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. కొందరు కాపీ తెర వేయమంటారు. రంగులు వెలిసిపోతాయనీ, తాకిడి సరిగా అందదనీ చెప్పే వేస్తాను. అసలు తెర సమంజసమైన ధరకు మా చేతికి వస్తే కాపీల వ్యాపారం సగం పడిపోతుంది. ఎంత సులువుగా విప్పగలిగినా, కొనలేని విడిభాగం ఉన్న ఫోన్ బాగుపడే ఫోన్ కాదు.

మీ అమ్మగారి ఫోన్ విషయంలో సర్వీస్ సెంటర్ అబ్బాయిని నేను తప్పుపట్టను. చాలా కంపెనీలు తమ సెంటర్లకు మొత్తం బోర్డులే పంపుతాయి, చిన్న ముక్కలను పరీక్షించి మార్చే పని అప్పగించవు. బయట ఉన్న మాకు బోర్డు పటాలు, అంటే ఏ ముక్క ఎక్కడుందో చూపే బొమ్మలు, అధికారికంగా ఇవ్వరు. కరెంటును పంచే చిన్న చిప్పు, పవర్ ఐసీ, పోయిన ఫోన్‌కు అక్కడ బోర్డు మార్చమంటారు, ఇక్కడ మేం ఆ ఐసీ ఒక్కటే మారుస్తాం, ఫోన్‌లోని సమాచారం కూడా నిలబడుతుంది. పటాలు అందరికీ ఇస్తే ఎంత మార్కు, దాచుకుంటే ఎంత కోత అన్నది కూడా సూచీలో ఉండాలని నా కోరిక.

జవాబు 2: మ్యూనిక్ నుంచి ఒక వాసి

నేను జర్మనీలో ఉంటున్నాను. 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా మార్కెట్‌లోకి వచ్చే ప్రతి స్మార్ట్‌ఫోన్‌కూ, మనం ఫ్రిజ్‌ల మీద చూసే నక్షత్రాల చీటీలాంటి లేబుల్ తప్పనిసరి అయింది. గత శరదృతువులో ఫోన్ కొనడానికి వెళ్లినప్పుడు దాన్ని నిదానంగా చదివాను. పైన కరెంటు పొదుపు తరగతి ఉంటుంది. కింద ఒకసారి ఛార్జ్ చేస్తే ఎన్ని గంటలు వస్తుంది, కింద పడితే ఎంత తట్టుకుంటుంది, ఎన్నిసార్లు ఛార్జ్ చేసేదాకా బ్యాటరీ నిలుస్తుంది, దుమ్మూ నీరూ ఎంతవరకు ఆపుతుంది అన్నవి ఉంటాయి. వాటి నడుమ ఒక స్పానరు, స్క్రూడ్రైవరు బొమ్మ పక్కన ఎ నుంచి ఇ వరకు ఒక అక్షరం ఉంటుంది. మరమ్మతు యోగ్యతను చెప్పే అక్షరం అదే.

ఆ అక్షరం వెనక ఉన్న లెక్క ఇది. విడదీసే లోతుకు 25 శాతం బరువు ఇచ్చారు. స్క్రూలూ అతుకులూ, పనిముట్లు, విడిభాగాల లభ్యత, సాఫ్ట్‌వేర్ నవీకరణలు, మరమ్మతు సమాచారం అనే అయిదింటికీ తలా 15 శాతం ఇచ్చారు. జగదీశ్ మార్కెట్ సోదరుడు పదికి ఒక్క మార్కు చాలన్న స్క్రూలకూ పనిముట్లకూ కలిపి ఇక్కడ 30 శాతం పోయింది. విడిభాగం ధరకు సున్నా. కంపెనీ తన వెబ్‌సైటులో ధర చూపించాలన్న నియమం ఉంది గానీ, ఆ ధర ఎంతున్నా అక్షరం మారదు.

ఫ్రాన్స్ ఈ విషయంలో ముందు నడిచింది. 2021 జనవరి 1న అక్కడ మొదలైన సూచీలో అయిదు అంశాలుండేవి, అయిదింటికీ సమానమైన బరువు ఉండేది, అందులో ఒకటి అచ్చంగా విడిభాగం ధర. ఫోన్ ధరతో పోలిస్తే భాగం ధర ఎంత అన్న నిష్పత్తి చూసి మార్కు వేసేవారు. యూరప్ అంతటికీ ఒకే లేబుల్ రావడంతో ఫోన్ల విషయంలో ఆ ఫ్రెంచి సూచీ తప్పుకుంది. ఒక మంచి పని చేస్తూ అంతకుముందున్న మరో మంచిని పోగొట్టుకున్నారని నాకు బాధగా ఉంది.

లేబుల్‌తో పాటు వచ్చిన నియమాలు మాత్రం గట్టివి. మార్కెట్‌లో ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలను అయిదు నుంచి పది పనిదినాల్లో అందించాలి. ఆపరేటింగ్ సిస్టమ్ నవీకరణలు కనీసం అయిదేళ్లు ఇవ్వాలి. బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ అయ్యాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. భాగాన్ని ఫోన్‌తో జతకట్టేటట్లయితే, ఆ జతకట్టే సాఫ్ట్‌వేర్ బయటి మెకానిక్కులకూ అందుబాటులో ఉండాలి. మార్కుల పట్టిక కంటే ఈ కనీస నియమాలే సామాన్యుడిని ఎక్కువ కాపాడతాయని నా నమ్మకం, ఎందుకంటే ఇ తరగతి ఫోన్ కొన్నవాడికి కూడా అవి వర్తిస్తాయి.

జవాబు 3: ఒకప్పటి ఫోన్ల ఇంజనీరు, బెంగళూరు

నేను కొన్నేళ్లు ఫోన్ల లోపలి అమరిక గీసే బృందంలో పనిచేశాను. పై ఇద్దరూ చెప్పినదానిలో నిజం ఉందని ఒప్పుకుంటూనే, అవతలి పక్కను కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

జిగురు వాడేది మెకానిక్కును ఏడిపించడానికి కాదు. వానలో తడిసినా, సింకులో పడినా ఫోన్ బతకాలంటే చుట్టూ సందు లేకుండా మూయాలి, అందుకు పల్చని ఫోన్‌లో జిగురు అన్నిటికంటే సులువైన దారి. నీళ్లలో పడి చనిపోయే ఫోన్ ఎంత సులువుగా విడిపోతే మాత్రం ఏం లాభం? యూరప్ నియమాలు కూడా ఈ వాదనను కొంత అంగీకరించాయి. మామూలుగా వినియోగదారుడే బ్యాటరీ మార్చుకోగలగాలి; అయితే 500 సార్లు ఛార్జ్ చేశాక 83 శాతం, 1000 సార్లు చేశాక 80 శాతం సామర్థ్యం నిలిపే బ్యాటరీ ఉండి, దుమ్ము చొరకుండా, మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునే ఫోన్‌కు ఆ పనిని నిపుణుడికి వదిలే వెసులుబాటు ఇచ్చాయి. పాడవకుండా ఉండటం కూడా ఒక రకంగా మరమ్మతు బాధ తప్పడమే కదా.

రెండో సంగతి బ్యాటరీ భద్రత. రక్షణ సర్క్యూటు సరిగా లేని చవక కాపీ బ్యాటరీలు ఎంత ప్రమాదకరమో పరీక్షశాలలో కళ్లారా చూశాను. ఎవరైనా ఏదైనా వేయవచ్చు అన్న స్వేచ్ఛ దిండు పక్కన ఫోన్ పెట్టుకుని పడుకునేవారికి మేలు చేయదు. మూడోది దొంగతనం. భాగాలు జతకట్టి ఉంటే దొంగిలించిన ఫోన్‌ను ముక్కలుగా అమ్ముకోవడం కష్టమవుతుంది.

నిజాయితీగా ఒకటి చెప్పాలి. నీటి రక్షణకూ ఊడే బ్యాటరీకీ పొత్తు కుదరదని మా బృందంలో సిద్ధాంతంలా చెప్పుకునేవాళ్లం. 2022లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎక్స్‌కవర్ 6 ప్రోలో గోటితో ఊడదీసే వెనక మూత, చేత్తో మార్చే బ్యాటరీ, దుమ్మూ నీరూ ఆపే ఐపీ68 రక్షణ మూడూ ఉన్నాయి. ఫోన్ కొంచెం లావుగా ఉంటుంది. అంటే కుదరదన్నది నిజం కాదు, లావు ఒప్పుకోవాలి అన్నదే నిజం.

జవాబు 4: రిపేరు బల్ల, హైదరాబాద్

ఇంజనీరు గారూ, మర్యాదగా చెప్పారు, సంతోషం. జిగురు ఉండటమే తప్పని నేను అనను. మూత చుట్టూ ఉండే జిగురు వేరు, బ్యాటరీ అడుగున పోసే జిగురు వేరు. మూత జిగురు నీళ్లను ఆపుతుంది. బ్యాటరీ కింద ఉన్నది ఏ నీళ్లను ఆపుతుంది? అక్కడ లాగుడు పట్టీ పెట్టడానికి అడ్డమేమీ లేదు. ఐఫోన్ 16లో చిన్న బ్యాటరీతో కరెంటు పంపితే పట్టు వదిలేసే జిగురు కూడా వాడారు. తలచుకుంటే దారి దొరుకుతుందనడానికి అదే సాక్ష్యం.

కాపీ బ్యాటరీ ప్రమాదం గురించి మీరన్నది అక్షరాలా నిజం. ఉబ్బినవాటిని నేను వారానికి రెండు మూడు చూస్తుంటాను. కానీ కాపీ ఎందుకు అమ్ముడవుతోందో చూడండి. అసలు బ్యాటరీని కంపెనీ నాకు అమ్మదు. అమ్మితే నేను అదే వేస్తాను. తాళం వేసి అసలుదాన్ని లోపల పెట్టుకుని, బయట నకిలీ తిరుగుతోందని బాధపడితే ఎలా?

దొంగతనానికి మన దేశంలో వేరే దారి ఉంది. ఫోన్ పోయినవారు ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ అనే ఫోన్ గుర్తింపు సంఖ్యతో దాన్ని నిలిపివేయించవచ్చు. అలా నిలిపిన ఫోన్‌లోని భాగాలను మాత్రమే అడ్డుకుంటే నాకు ఏ పేచీ లేదు. దొంగసొత్తును అడ్డుకోవడానికి వేసిన తాళం, యజమాని తన ఫోన్‌కు తాను కొన్న భాగం వేసుకుంటే కూడా పడకూడదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో చేసిన చట్టం ఈ జతకట్టే పద్ధతినే నిషేధించింది, 2025 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

జవాబు 5: వినియోగదారుల పక్షం, హనుమకొండ

నేను జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు కేసులు వాదిస్తుంటాను. మన దేశంలో ఈ విషయం ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో టీచర్ గారికి చెప్పడం అవసరం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లూ ఎలక్ట్రానిక్ వస్తువులూ, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రైట్ టు రిపేర్ పోర్టల్‌ను ప్రారంభించింది. కంపెనీల సర్వీస్ వివరాలు, వారంటీ షరతులు ఒకచోట దొరకాలన్నది దాని ఉద్దేశం. ఆ తర్వాత మరమ్మతు సూచీ కోసం వేసిన భరత్ ఖేరా కమిటీ 2025 మే 3న నివేదిక ఇచ్చింది. బ్యాటరీ, డిస్‌ప్లే, వెనక మూత, ముందు వెనక కెమెరాలు, ఛార్జింగ్ పోర్టు, మీటలు, మైకు, స్పీకరు, మడత ఫోన్ల కీలు వంటివాటిని ప్రాధాన్య భాగాలుగా గుర్తించి, అయిదు పాయింట్ల కొలమానం మీద అంచనా వేయాలని సిఫారసు చేసింది. విడదీసే లోతు, మరమ్మతు సమాచారం, తగిన గడువులో విడిభాగాల లభ్యత, సాఫ్ట్‌వేర్ నవీకరణలు, పనిముట్లు, స్క్రూలూ అతుకులూ అందులో చూసే అంశాలు. మ్యూనిక్ మిత్రులు చెప్పిన యూరప్ పట్టికకు ఇది చాలా దగ్గరగా ఉంది. అక్కడ లేని ధర ఇక్కడ కూడా ప్రత్యేక అంశంగా లేదు.

యూరప్‌లో ఆ లోపం కంటే మన దగ్గర అదే లోపం బరువైనది. పదిహేను వేల ఫోన్ కొనే కుటుంబానికి ఆరువేల తెర అంటే మరమ్మతు జరగదు, అంతే. అమ్మే కొట్లలోనూ, ఆన్‌లైన్ అంగళ్లలోనూ, పెట్టె మీది క్యూఆర్ కోడ్‌లోనూ ఈ స్కోరు కనిపించాలని కమిటీ చెప్పింది, అది మెచ్చుకోదగిన సంగతి. పక్కనే బ్యాటరీ, తెర, ఛార్జింగ్ పోర్టుల ధరలు మూడూ ముద్రించమంటే కంపెనీకి కొత్తగా అయ్యే ఖర్చేమీ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(9) సెక్షన్ వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర వంటివి తెలుసుకునే హక్కును మనకు ఇచ్చింది. విడిభాగం ధర తెలుసుకోవడం ఆ హక్కు పరిధిలోకే రావాలన్నది నా వాదన.

మార్కులు ఎవరు వేయాలని అడిగారు. కమిటీ సిఫారసు ప్రకారం కంపెనీయే తన స్కోరును ప్రకటిస్తుంది. విద్యార్థి తన పేపరు తానే దిద్దుకున్నట్టు ఇది మీకు అనిపించవచ్చు. ఫ్రాన్స్‌లోనూ కంపెనీలే లెక్కించి ప్రకటించేవి. దేశంలో వచ్చే ప్రతి మోడల్‌నూ ప్రభుత్వమే విప్పి చూడటం సాధ్యం కాదు కనుక స్వయం ప్రకటనను నేను వ్యతిరేకించను. కానీ లెక్క మొత్తం అంశాలవారీగా బయటపెట్టాలి, ఎవరైనా సవాలు చేయగలగాలి. అబద్ధపు స్కోరును తప్పుదోవ పట్టించే ప్రకటనగా పరిగణిస్తే, అదే చట్టం 21వ సెక్షన్ కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల వరకూ, మళ్లీ చేస్తే 50 లక్షల వరకూ జరిమానా వేయగలదు. ఆ కత్తి ఉందని కంపెనీలకు తెలిస్తే స్కోరు జాగ్రత్తగా వస్తుంది.

విడిభాగాలు బయటివారికి ఇవ్వకపోవడం ఫోన్లతో మొదలైన జబ్బు కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. అసలు విడిభాగాలను, మరమ్మతు పుస్తకాలను, లోపం కనిపెట్టే పనిముట్లను బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్నదే అభియోగం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, జరిమానా సంగతి అలా ఉంచితే, ఆ ఉత్తర్వులో ఉన్న తర్కంలో కారు అన్నచోట ఫోన్ అని పెట్టి చదవండి. ఒక్క వాక్యం మార్చనక్కర్లేదు.

టీచర్ గారూ, మీ అమ్మగారి విషయంలో సర్వీస్ సెంటర్ ఇచ్చిన అంచనా కాగితం ఉంటే దాచిపెట్టండి. అవసరంలేని మరమ్మతుకు అంచనా వేశారని నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. జిల్లా కమిషన్‌లో అయిదు లక్షల లోపు విలువకు ఫిర్యాదు రుసుము కూడా ఉండదు.

జవాబు 6: చల్లపల్లి టీచర్

అందరికీ ధన్యవాదాలు. అంచనా కాగితం నా దగ్గరే ఉంది. ఈ వారంలో 1915కు ఫోన్ చేస్తాను.

మీ జవాబులు చదివాక నాకు ఒకటి తోచింది. యూరప్ లెక్క అయినా, మన కమిటీ లెక్క అయినా అంశాలన్నింటినీ ఒక్క స్కోరులో కలిపేస్తుంది. పదో తరగతిలో మేం అలా చేయం. తెలుగులో తొంభై వచ్చినా లెక్కల్లో ఇరవై వస్తే ఆ పిల్లవాడు పాసైనట్టు కాదు, ప్రతి సబ్జెక్టులోనూ కనీస మార్కు రావాలి. ఫోన్‌కు కూడా అలాగే పెట్టవచ్చు కదా? స్క్రూలకు నిండు మార్కులు తెచ్చుకున్న ఫోన్, విడిభాగం ధరలోనో సాఫ్ట్‌వేర్ తాళంలోనో కనీస మార్కు దాటకపోతే, మొత్తం ఎంత వచ్చినా ఎ తరగతి అనిపించుకోకూడదు. ఐఫోన్ 14కు మొదట 7 ఎలా వచ్చిందో, తర్వాత 4 ఎందుకయిందో చదివినప్పుడు ఈ పద్ధతి ముందే ఉంటే ఆ 7 వచ్చేది కాదనిపించింది. వకీలు గారు ఈ మాటను ఆ శాఖకు రాతపూర్వకంగా పంపే వీలుంటే నేనూ సంతకం చేస్తాను.

ఇక నా ఫోన్ సంగతి. ధర దాదాపు ఒకటే ఉన్న రెండు మోడళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని, నిన్న సాయంత్రం బస్టాండు ఎదుటి కొట్టుకు వెళ్లాను. కొనకముందే విడిభాగాల ధరలు అడగడానికి ఇంతవరకు ఎవరూ రాలేదని ఆయన ఆశ్చర్యపోయి, స్టూలు వేసి కూర్చోబెట్టి, విజయవాడలోని హోల్‌సేల్ వ్యాపారికి ఫోన్ చేశారు. మొదటి మోడల్‌కు బ్యాటరీ, తెర, ఛార్జింగ్ బోర్డు మూడింటి ధరలూ అయిదు నిమిషాల్లో చెప్పారు. తెర ధర ఫోన్ ధరలో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంది. రెండో మోడల్‌కు ఛార్జింగ్ బోర్డు తమ దగ్గర లేదన్నారు, తెర ఆర్డరు మీద తెప్పించాలి, ధర దాదాపు సగం. బ్యాటరీ మారిస్తే తెర మీద హెచ్చరిక వస్తుందని కూడా చెప్పారు.

రెండోదాని కెమెరా మెరుగ్గా ఉంది, అది నిజమే. నేను మొదటిది కొంటున్నాను. ఆ మూడు ధరలూ తేదీతో సహా ఆయన చేత బిల్లు పుస్తకంలోని ఒక కాగితం మీద రాయించుకున్నాను, ఫోన్ పెట్టెలోనే దాచిపెడతాను.